మా నూతిలో మలుగు

మొన్నొక ఉదయం ఆస్పత్రిలో డ్యూటీ దిగి ఇంటికొస్తూ, శ్రీకాకుళం వంతెన దాటాక చేపలమ్మే ఆవిడ దగ్గర ఆగాను. కవ్వళ్లు కొందామనుకున్నాను. ఆమె తట్ట పక్కనే ప్లాస్టిక్ టబ్బులో కాసిన్ని నీళ్లు పోసి, అందులో ఒక మలుగును ఉంచింది. చెయ్యంత లావున చుట్ట చుట్టుకుని పడుకుంది. స్కూటీ ఆపిన కుర్రాడొకడు "ఓలమ్మో, పాము!" అని కాలు వెనక్కి లాక్కున్నాడు.

"పాము కాదు నాయినా, మలుగు. సేపే. రెక్కలున్నాయి సూడు," అందామె నవ్వుతూ.

నేనూ వంగి చూశాను. తల వెనక చిన్న రెక్కలు విసనకర్రల్లా ఆడుతున్నాయి. వీపు మీద పసుపూ పాచిరంగూ కలిసిన మచ్చలు. ఆ టబ్బులోంచి వచ్చిన వాసన, నాచు పట్టిన రాయీ బురదా కలిసిన ఆ చల్లటి వాసన, నన్ను తిన్నగా మా అమ్మమ్మ పెరట్లోకి లాక్కుపోయింది. కవ్వళ్లు కొనలేదని ఇంటికొచ్చి సంచీ చూసుకున్నాకే తెలిసింది.

మా అమ్మమ్మ ఊరు గజపతినగరానికి దగ్గర, చంపావతి ఏటి ఒడ్డున. అమ్మా నాన్నా హైదరాబాదులో మేడలు కట్టే పనికి వెళ్తే నేను అమ్మమ్మ దగ్గరే పెరిగాను. తాతయ్య నేను పుట్టకముందే పోయాడు. అమ్మమ్మ మిషను బడి హాస్టల్లో చాలా ఏళ్లు వంట చేసి, ఓపిక తగ్గాక ఇంటికొచ్చి కూర్చుంది. కూర్చుంది అన్నానే గానీ, ఆమె నిజంగా కూర్చోవడం నేను చూసింది ఆదివారం పూట చర్చిలోనే. మిగతా వేళల్లో చోళ్లు విసురుతూనో, చేపలు ఎండబెడుతూనో, ఎవరింట్లోనో బాలింతకు నీళ్లు పోస్తూనో ఉండేది. ఆమె చీర కొంగులో పొగ వాసన, కొబ్బరినూనె వాసన, ఎండు నెత్తళ్ల వాసన కలిసి ఉండేవి. రాత్రి భయమేస్తే ఆ కొంగు మొహం మీద కప్పుకుని పడుకునేదాన్ని.

ఇంట్లో ఇంకో మనిషి మా పిన్ని, అమ్మకు చెల్లెలు. ఎచ్చెర్లలో హాస్టల్లో ఉండి జువాలజీలో ఎమ్మెస్సీ చదివేది. శనివారం సాయంత్రం బస్సు దిగి, ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ బస్సెక్కేది. వచ్చేటప్పుడు నాకు ఖాజాలో, జీళ్లో తెచ్చేది. కొత్తగా కొన్న టచ్ ఫోను నా చేతికిచ్చి, "గీతలు పడ్డాయంటే నీ వీపు మీద కూడా గీతలు పడతాయి" అనేది.

పెరట్లో రాతి నుయ్యి. ఆ నూతిలో మలుగు.

అది నాకంటే పెద్దది. పిన్ని కంటే కూడా పెద్దదే. తాతయ్య పెళ్లయిన కొత్తలో ఏట్లో వల వేస్తే చిటికెన వేలంత మలుగు పిల్ల పడిందట. కూరకి సరిపోదు, నూతిలో పురుగూ పుట్రా తింటూ పడుంటుందని తెచ్చి అందులో వేశాడట. ఆ రోజు అమ్మమ్మ నీళ్లు తోడడానికి భయపడి, బిందె పట్టుకుని పొరుగింటికి పోయిందట.

"కొత్త పెళ్లికూతురికి నూతిలో పాముని సూపించినాడు మీ తాత! ఏటి మనిసో!" అనేది. ఎన్నిసార్లు చెప్పినా అక్కడికొచ్చేసరికి ఆమెకు నవ్వాగేది కాదు.

నాకు ఊహ తెలిసేసరికి మలుగు నా చేతి కంటే లావుగా, నా నడుం దాకా పొడవుగా ఉండేది. పగలంతా రాళ్ల సందులో తల ఒక్కటే బయటపెట్టి ఉండేది. సాయంత్రం నేను నూతి గట్టు మీద బోర్లా పడుకుని, అన్నం ముద్దలో చేప తల కలిపి జారవిడిచేదాన్ని. నీళ్లు ఒక్కసారి కదిలేవి. ముద్ద ఉండేది కాదు. ఆదివారం కోడిని కోస్తే పేగులు దానివి. వీధిలో పిల్లల్ని గట్టు చుట్టూ నిలబెట్టి, "నాను సప్పట్లు కొడితే వస్తాది, మీరు కొడితే రాదు" అని చెప్పేదాన్ని. ముద్ద వేసే వేళకే చప్పట్లు కొట్టేదాన్ని కాబట్టి ఎప్పుడూ వచ్చేది. వాళ్లు మధ్యాహ్నం వచ్చి ఎంత కొట్టినా రాకపోయేసరికి, నాకేదో మంత్రం వచ్చని వీధి వీధంతా నమ్మింది.

మలుగు ఎక్కడ పుడుతుందో నాకు చెప్పింది పిన్ని. ఒక వేసవి సాయంత్రం కరెంటు పోతే పెరట్లో చాప వేసుకుని ముగ్గురం కూర్చున్నాం. అమ్మమ్మ చింతకాయలు ఒలుస్తోంది. పిన్ని చదివే పాఠం అప్పుడు అదేననుకుంటాను.

"ఇది ఏట్లో పుట్టలేదే. సముద్రంలో పుట్టినాది," అంది.

"తాత ఏట్లో పట్టినాడు కదా?"

"అప్పటికి ఏట్లోకి వచ్చినాది. ఈ జాతి మలుగులన్నీ ఎక్కడో దూరంగా, బాగా లోతైన సముద్రంలో గుడ్లు పెడతాయి. పెడుతుండగా సూసినోళ్లు ఎవలూ లేరు. పిల్ల పుట్టినప్పుడు ఆకులాగ పల్చగా ఉంటాది. నీరు ఎటు తీసుకెల్తే అటు తేలుకుంటూ వస్తాది. ఒడ్డు దగ్గరకొచ్చేసరికి ఆకు పోయి దారంలాగ అవుతాది, అద్దంలాగ, అవతల ఉన్నది కనిపించేలాగ. అప్పుడు ఏరు సముద్రంలో కలిసే చోట లోపలికి దూరి, ఎదురెక్కుతాది. ఏట్లో, సెరువులో, నూతిలో ఏళ్లకేళ్లు బతుకుతాది."

"తరవాత?"

"తరవాత ఒక వానాకాలం దానికి తెలుస్తాది, ఎల్లాలని. కడుపు కింద వెండిలాగ మెరుస్తాది. కళ్లు పెద్దవవుతాయి. తిండి మానేస్తాది. పుట్టిన సముద్రానికి పోయి, గుడ్లు పెట్టి, చచ్చిపోతాది."

అమ్మమ్మ చింతకాయ ఒలవడం ఆపింది. "తిండి తినకుండా అంత దూరమేటే?"

"ఒంట్లో ఉన్న కొవ్వు మీదేనమ్మా."

"పిల్లల్ని సూడదా మరి?"

"సూడదు."

అమ్మమ్మ చింతకాయలు పక్కకి జరిపింది. నా జుట్టులో వేళ్లు పెట్టి, లేని పేలు వెతకడం మొదలెట్టింది. కాసేపటికి, "మనది ఎల్లదులే. నుయ్యి అలవాటైపోనాది దానికి," అంది.

ఆ ఏడు వానలు ఆలస్యంగా మొదలై, మొదలయ్యాక ఆగలేదు. వీధిలోకి అప్పటికే కుళాయిలు వచ్చేశాయి. మా నూతి గట్టు ఒక పక్క కూలింది. పక్కింటి పిల్లాడు ఆడుకుంటూ అందులో పడబోయి, తాడు పట్టుకుని వేలాడితే అమ్మమ్మే పైకి లాగింది. మర్నాడే వీధి పెద్దలు వచ్చి, వానలు తగ్గగానే నుయ్యి పూడ్చేయడం మంచిదన్నారు. పిల్లాడి తల్లి ఏడుపు విన్నాక అమ్మమ్మ కాదనలేకపోయింది.

"మరి మలుగో?" అన్నాను.

"కూరొండుకుందాం. రక్తం పడతాదంటారు," అన్నాడు వాళ్లలో ఒకాయన. ఆయనకు పాపం ఏ చెడ్డ ఉద్దేశమూ లేదు. అమ్మమ్మ ఆయన వంక చూసిన చూపుకి మాత్రం టీ సగంలో వదిలి లేచిపోయాడు.

నేను అన్నం మానేశాను. నిజానికి నాకంటే ముందే మలుగు మానేసింది. ముద్ద వేస్తే నీళ్లలో విచ్చుకుని చెదిరిపోయేది. పగటిపూట కూడా గోడ వెంబడి చుట్టూ తిరిగేది, ఆగకుండా. నీళ్లు పైదాకా వచ్చేయడంతో దాన్ని దగ్గరగా చూశాను. వీపు నల్లబడింది. కడుపు కింద కొత్త గిన్నెలా తెల్లగా మెరుస్తోంది. కళ్లు ఉబ్బి, పెద్దవై, ఎవరివో కొత్త కళ్లలా ఉన్నాయి. దానికి జబ్బు చేసిందని అమ్మమ్మ నూతి దగ్గర నిలబడి ప్రార్థన కూడా చేసింది.

శనివారం పిన్ని వచ్చి చూసి, "జబ్బు కాదమ్మా. దానికి వయసొచ్చినాది," అంది.

"మీ నాన్న ఏసినాడే దీన్ని," అంది అమ్మమ్మ. వంటింట్లోకి వెళ్లిపోయింది. పొయ్యి ముందు కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంటే పొగ అనుకున్నాను. పొయ్యి ఇంకా వెలిగించలేదని తర్వాత చూశాను.

మర్నాడు తెల్లారి పళ్లు తోముకోవడానికి పెరట్లోకి వెళ్లాను. చిన్న తుప్పర పడుతోంది. బట్టలుతికే రాయి పక్కన, తడిసిన గడ్డిలో, నల్లగా ఏదో పాకుతోంది. నేను అరవలేదు. అరిస్తే వీధి అంతా కర్రలు పట్టుకొస్తారని ఎలా తోచిందో తోచింది. పరుగున లోపలికి పోయి అమ్మమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. మలుగు ఏటి వైపే పోతోంది. ఎవరు చెప్పారో ఏమో గానీ తిన్నగా అటే. పాదం పాదం జరుగుతూ, ఆగి, ఊపిరి తీసుకుంటున్నట్టు మూతి తెరిచి, మళ్లీ జరుగుతోంది. ఒళ్లంతా గడ్డీ మట్టీ.

అమ్మమ్మ దాని ముందు గొంతుక్కూర్చుంది. వాన ఆమె తెల్ల జుట్టు మీద పడుతోంది.

"పోవాలనుందేటే నీకు?" అంది దాంతో. "సెప్పొచ్చు కదే."

ఇద్దరం కలిసి తడి గోనెసంచి దాని మీద వేసి ఎత్తాం. ఎంత బరువు! సబ్బులా జారిపోయింది. నా గౌను నిండా జిగురు. మూత ఉన్న పెద్ద గుండిగలో నూతి నీళ్లు పోసి అందులో పెట్టాం. హాస్టల్ వంటల నాటి గుండిగ అది.

పిన్ని నిద్ర లేచి వచ్చేసరికి అమ్మమ్మ నిర్ణయం అయిపోయింది. "ఏట్లో వదిలేద్దాం," అంది.

"కింద ఆనకట్ట దగ్గర వరద నీటికి దిగే సేపల కోసం వలలు కట్టి కూకున్నారమ్మా. తప్పించుకోదు. ఏరు సముద్రంలో కలిసే కాడికి తీసుకెల్దాం."

"అక్కడ మనకెవలున్నారు?"

పిన్ని తడి జుట్టు ముడేసుకుంది, విప్పింది, మళ్లీ ముడేసుకుంది. "ఒకలున్నారు. నాతో సదువుకున్నాడు. వాళ్ల నాన్న వేటకెల్తారు. అక్కడే వాళ్ల ఊరు."

"స్నేహితుడా?"

"స్నేహితుడే గానీ... నాను సేసుకోవాలనుకుంతన్న మనిషి అమ్మా. మన చర్చి వాళ్లు కాదు. నీకెలా సెప్పాలో తెలీక ఏడాదిగా తిరుగుతన్నాను."

నేను గుండిగ మూత మీద చెయ్యేసి ఉన్నాను. లోపల మలుగు తిరిగితే మూత కదులుతోంది. పిన్ని కూడా వెళ్లిపోతుందన్న మాట నాకు అప్పుడే తెలిసింది. దానికి ఏడవాలో, అమ్మమ్మకు కోపం వస్తుందని భయపడాలో తెలీలేదు.

అమ్మమ్మ లేచి కాళ్లు కడుక్కుంది. "ఆరాధన వేళవుతున్నాది," అంది. చర్చిలో ఆ రోజు ఆమె మోకాళ్ల మీద చాలాసేపు ఉంది. అందరూ లేచాక కూడా ఉంది. ఇంటికొచ్చి అంబలి తాగి, ఉతికిన తెల్లచీర విప్పకుండానే, "ఆటో పిలువు. నానూ వస్తాను," అంది పిన్నితో.

ఆటోలో గుండిగ నా కాళ్ల మధ్య. విజయనగరం దాటాక రోడ్డు గోతులకి మూత ఎగిరిపడి, మలుగు తల బయటపెట్టింది. ఆటో అతను అద్దంలో చూసి, బండి ఆపి, తాళం కూడా తియ్యకుండా పొలంలోకి దూకేశాడు. పిన్ని వెళ్లి బతిమాలింది. "సేపంటే సేపలాగ ఉండాలి కదమ్మా!" అని అక్కణ్ణించే అరిచాడు. అమ్మమ్మ దాని తల మీద చెయ్యి పెట్టి లోపలికి నొక్కి, "సూడు నాయినా, కరవదు," అంటే గానీ వచ్చి ఎక్కలేదు. ఆ రోజంతటిలో అమ్మమ్మ నవ్వింది అప్పుడే. పిన్నీ నవ్వింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఠక్కున ఆపేశారు.

సముద్రం ఒడ్డున వాళ్ల ఇల్లు చిన్నది. ముందు ఇసుక, ఇసుకలో ఆరేసిన వలలు, చూరులో ఉప్పుచేప. పిన్ని చెప్పినాయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు. తర్వాత నేను బాబాయి అని పిలిచిన మనిషి. వాళ్లమ్మ లోపల్నించి వచ్చింది. ముక్కుకి రెండు పక్కలా పుడకలు, పెద్ద బొట్టు. మమ్మల్ని కాదు, ముందు గుండిగలోకి తొంగి చూసింది.

"ఓలమ్మ! ఏటి ఇంత బాగున్నాది! ఎన్నేళ్లు సాకినారమ్మా?"

"మా ఆయన తెచ్చినాడు," అంది అమ్మమ్మ. "పెళ్లయిన కొత్తలో."

అంతే, ఆమె ఇంకేమీ అడగలేదు. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టింది. పీతల పులుసూ అన్నమూ పెట్టింది. అమ్మమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే, వడ్డించబోయిన గరిటె గాల్లోనే పట్టుకుని ఆగింది. ఆ పులుసు ఘాటుకి నాకు ముక్కు కారింది. అయినా మళ్లీ వేయించుకున్నాను. అన్నాళ్లూ మానేసిన అన్నం కూడా అక్కడే తినేశాను.

"మీ ఆయన సముద్రం మీదుంటే భయమెయ్యదేటి?" అని అమ్మమ్మ అడిగింది.

"ఎయ్యకేటి? రోజూ ఎస్తాది. ఒడ్డున నిలబడి సూడ్డమే మా పని."

"నా పెద్దకూతురు హైదరాబాదులో ఉన్నాది. నానూ రోడ్డుకేసి సూస్తానే ఉంటాను," అంది అమ్మమ్మ. అమ్మ గురించి ఆమె అలా ఎవరితోనైనా చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

సాయంత్రం, నీరు సముద్రంలోకి లాగే వేళ చూసి, ఏరు సముద్రంలో కలిసే ఏటి మొగకి నడిచాం. గుండిగను బాబాయీ పిన్నీ చెరో పక్కా పట్టుకున్నారు. నీళ్ల అంచున దింపాక, ఆయన తల్లి కొంగుముడి విప్పి పసుపూ కుంకుమా తీసి, ఆగింది. అమ్మమ్మ మొహంలోకి చూసింది.

"గంగమ్మ తల్లి బిడ్డ. ఉత్త సేతుల్తో పంపకూడదంటాం మేం. మీకు ఇష్టం లేకపోతే మానేస్తానమ్మా."

పిన్ని కాలి బొటనవేలితో ఇసుక తవ్వుతోంది.

"మీ ఒడ్డు ఇది. మీ పద్దతిలో మీరు పంపండి," అంది అమ్మమ్మ. "తరవాత నాను ప్రార్దన సేస్తాను. రెండూ ఉంటే దానికి మంచిదే."

బాబాయి తల్లి గుండిగకు పసుపు రాసి బొట్టు పెట్టింది. అమ్మమ్మ కొంగు తల మీదికి లాక్కుని, "ప్రభువా, దీనికి దారి తెలుసు. మధ్యలో ఎవలూ పట్టుకోకుండా సూడు," అంది. ఆమె ప్రార్థనల్లో అంత పొట్టిది నేను వినలేదు. అందరం ఆమెన్ అన్నాం. బాబాయి కూడా అన్నాడు, కాస్త ఆలస్యంగా.

అమ్మమ్మే మోకాళ్ల లోతు దిగి గుండిగ వంచింది. నల్లటి వీపు ఒకసారి మెరిసింది. ఆగడం గానీ, వెనక్కి తిరగడం గానీ లేదు. నీళ్లు ఉప్పగా తగలగానే ఈటెలా పోయింది.

"సూడు దీని పొగరు! మొకమైనా సూపించకుండా ఎల్లిపోనాది!" అంది అమ్మమ్మ. నవ్వుతూనే అంది, ఒడ్డుకి మాత్రం రాలేదు. నేను భోరుమన్నాను. ఆయన తల్లి నన్ను దగ్గరికి లాక్కుని తన కొంగుతో మొహం తుడిచింది. ఆ కొంగులోనూ ఎండుచేప వాసనే.

తిరిగొచ్చేటప్పుడు ఇసుకలో నడుస్తూ అమ్మమ్మ బాబాయిని పిలిచింది. "ఒరే నాయినా, మా పిల్ల ఆదివారం చర్చికెల్తాది. ఆపుతావేటి?"

"ఆపనండి. నానే దిగబెడతాను."

"గుమ్మం దాకానా?"

"లోపలికి రమ్మంటే లోపలికీ వస్తానండి."

పెళ్లి సులువుగా కాలేదు. మా చర్చిలో కొందరు మొహం తిప్పుకున్నారు. ఆయన బంధువుల్లో కొందరు భోజనానికి రాలేదు. చర్చిలో చేయడం కుదరదన్న పాస్టరు గారే ఒక సాయంత్రం ఇంటికొచ్చి ఇద్దరినీ దీవించి, టీ తాగి వెళ్లారు. రిజిస్టరు చేయించుకుని, మా పెరట్లో పందిరి వేసి అన్నాలు పెట్టాం. అప్పటికి నుయ్యి పూడ్చేశారు. ఆ మట్టి మీదే చాపలు పరిచి పిల్లల్ని కూర్చోబెట్టారు.

నేను అనుకున్నట్టు పిన్ని నాకు దూరం కాలేదు. ప్రతి సెలవులకీ నన్ను ఆ ఒడ్డుకి తీసుకుపోయేది. వల చిక్కులు విప్పడం, పీతను వెనకనుంచి పట్టుకోవడం, ఈతకొట్టడం బాబాయి నేర్పాడు. ఇంటరయ్యాక అమ్మా నాన్నలకు ఏం చేయాలో తోచకపోతే, నన్ను నర్సింగులో చేర్పించింది ఆ ఇద్దరే.

అమ్మమ్మ మలుగు మాట మళ్లీ ఎత్తలేదు. పిన్ని పెళ్లయిన కొన్నేళ్లకి, క్రిస్మస్ వెళ్లాక, మేమిద్దరం వాళ్లింట్లో ఉన్నాం. తెల్లవారుతుండగా బాబాయి వచ్చి లేపాడు. ఏటి మొగలో రొయ్యపిల్లల కోసం దోమతెర వల లాగుతుంటే ఏవో పడ్డాయన్నాడు. శాలువా కప్పుకుని అమ్మమ్మ నడిచింది. పిన్ని నిండు నెలల మనిషి, మెల్లిగా వచ్చింది. తెల్లటి పళ్లెంలో నీళ్లు, నీళ్లలో ముందు ఏమీ కనిపించలేదు. వంగి చూస్తే సన్నటి చుక్కలు, జంటలు జంటలుగా కదులుతున్నాయి. అవి కళ్లు. కళ్ల వెనక అద్దపు దారాల్లాంటి ఒళ్లు. పళ్లెం అడుగున ఉన్న పువ్వుల బొమ్మ వాటిలోంచి కనిపిస్తోంది.

అమ్మమ్మ దోసిట్లోకి కొన్నిటిని తీసుకుంది. చేతి గీతల మీద అవి పాకుతుంటే చూస్తూ ఉండిపోయింది.

"మనదాని పిల్లలేనేటే?" అని అడిగింది పిన్నిని.

ఏ సముద్రంలోనో, ఎన్ని వేల తల్లులో. పిన్ని ఎంత చదువుకుందో నాకు తెలుసు. ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుని, అమ్మమ్మ పక్కన ఇసుకలో కష్టంగా కూర్చుంది.

"అవునమ్మా," అంది. "మనవే."

అమ్మమ్మ చేతులు నీళ్లలో ముంచి వేళ్లు విప్పింది. ఏటి వైపు మొహం పెట్టి, "ఎల్లండమ్మా, ఎల్లండి," అంది. వాటితో పాటు కొంత దూరం ఒడ్డు వెంట నడిచింది కూడా, పల్లెలో దూర ప్రయాణానికి వెళ్లే పిల్లలతో నడిచినట్టు.

అమ్మమ్మ పోయి కొన్నేళ్లయింది. ఆ రాతి నుయ్యి ఎక్కడుండేదో ఇప్పుడు సిమెంటు వీధిలో నేను కూడా కచ్చితంగా చూపించలేను. ఆ ఇసుక ఒడ్డు మీద ఉన్న ఇల్లు తుపానుకి పోతే వెనక్కి జరిగి వేరే కట్టుకున్నారు. ఇవన్నీ పోయినందుకు బాధ లేదని అనను. అయినా ఆస్పత్రిలో ఎవరింటి పాపనో మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నప్పుడల్లా, నన్ను ఇంతమంది ఇన్ని చేతులతో పెంచారు కదా అనిపిస్తుంది. మా అమ్మ కన్నది, అమ్మమ్మ సాకింది, పిన్నీ బాబాయీ చదివించారు, పరాయి ఊళ్లో ఒకావిడ మొహం తుడిచింది. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. నా దారి నేను పోతుంటే చూసి సంతోషించారు, అంతే.